పాస్‌బుక్కులో లేని రైతు

కోనసీమ అనగానే అందరికీ ముందు కొబ్బరిచెట్లే గుర్తొస్తాయి. కాలువ గట్లు, పడవలు, ఆత్రేయపురం పూతరేకులు, సినిమా పాటల్లో చూసిన పచ్చదనం... బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు 'మీకేంటండీ, గౌతమికీ వసిష్ఠకూ మధ్య బంగారం పండే నేల మీది' అంటుంటారు. నేల సంగతి నిజమే. ఆ నేలను దున్నే మనిషి సంగతే ఎవరూ పెద్దగా అడగరు.

నేను ఈ ప్రాంతంలోనే ముప్పై ఏళ్లకు పైగా బడిపంతులుగా పనిచేశాను. రిటైరయ్యాక అంబాజీపేటకు దగ్గర్లో ఉన్న మా ఊళ్లోనే స్థిరపడ్డాను. పంతులుద్యోగం వదిలినా అర్జీలు రాసే ఉద్యోగం మాత్రం నన్ను వదల్లేదు. పొద్దున్నే మా అరుగు మీదికి ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వస్తారు. పింఛను కాగితం, బ్యాంకు కాగితం, తుపాను నష్టం కాగితం. ఎక్కువగా వచ్చేది చిన్న రైతులే.

'ప్రభుత్వాలు రైతుకి ఇన్ని చేస్తున్నాయి కదా, ఇంకా ఏం కావాలి?' అని మా బంధువులే అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. పంట రుణముంది, వడ్డీ రాయితీ ఉంది, బీమా ఉంది, నష్టపరిహారం ఉంది, మద్దతు ధర ఉంది, ఏడాదికింతని ఖాతాలో వేసే సాయం ఉంది. పథకాల జాబితా రాస్తే రెండు పేజీలు నిండుతుంది. అయితే ఆ దరఖాస్తులన్నింటిలోనూ మొదట్లోనే రెండు గళ్లుంటాయి. ఒకటి సర్వే నంబరు, రెండోది పట్టాదారు పాస్‌బుక్కు నంబరు. మా అరుగు మీదికొచ్చేవాళ్లలో చాలామంది ఆ రెండు గళ్ల దగ్గరే ఆగిపోతారు.

'మాస్టారండీ, పొలం దున్నేది నేనేనండీ. ఈ కాయితంలో నా పేరెక్కడ రాయాలండీ?' అని అడుగుతారు. ఎక్కడ రాయాలో నాకూ తెలిసేది కాదు. ఎందుకంటే వాళ్లు కౌలు రైతులు.

గట్టుకి రెండువైపులా

కోనసీమలో కౌలు సాగు ఇంత ఎక్కువ ఎందుకయ్యిందో చెప్పడం కష్టం కాదు. ఇక్కడ కమతాలు చిన్నవి. ఎకరం, రెండెకరాలు ఉన్న కుటుంబాలే ఎక్కువ. ఆ ఎకరాన్ని నమ్ముకునే పిల్లల్ని చదివించారు. చదువుకున్న పిల్లలు రాజమండ్రికో, హైదరాబాద్‌కో, అమెరికాకో వెళ్లారు. ఇంకొందరు గల్ఫ్ దేశాలకు వెళ్లారు. ఊళ్లో మిగిలిన తల్లిదండ్రులకి డెబ్బై దాటాయి, బురదలో దిగే ఓపిక లేదు. పొలం అమ్మడానికి మనసొప్పదు. అందుకని ఊళ్లో సెంటు భూమి లేని మనిషికో, అరెకరం ఉండి ఇంకో రెండెకరాలు చేయగల మనిషికో కౌలుకిస్తారు. నోటిమాట మీద, ఏళ్ల తరబడి నమ్మకం మీద నడిచే వ్యవహారం ఇది. అందులో తప్పుబట్టాల్సిందేమీ లేదు.

చిక్కంతా లెక్క దగ్గర వస్తుంది. మా పక్క సార్వా పంటలో పెద్ద భాగం కౌలు బస్తాలకే పోతుంది. మిగిలింది తిండికీ, అప్పుకీ సరిపెట్టుకుని, దాళ్వా మీద ఆశ పెట్టుకుంటారు. కాలువకి నీళ్లు సరిగ్గా వస్తే దాళ్వా గట్టెక్కిస్తుంది. రాకపోతే ఆ ఏడు కష్టమంతా కౌలు కట్టడానికే చేసినట్టు.

పెట్టుబడి ఎక్కడిది? పాస్‌బుక్కు ఉన్న రైతుకి బ్యాంకులో 3 లక్షల వరకూ పంట రుణం 7 శాతం వడ్డీకి వస్తుంది. గడువులోగా తీర్చేస్తే ఇంకో 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. కౌలు రైతు బయట తెచ్చే అప్పుకి నూటికి నెలకి రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. యాభై వేలు ఆర్నెల్లకి తెచ్చాడనుకోండి, పాస్‌బుక్కు ఉన్నాయనకి వడ్డీ వెయ్యి రూపాయలు, లేనాయనకి ఆరు వేలు. తేడా ఐదు వేలు. సాధారణ రకం ధాన్యానికి 2025-26 మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు. డెబ్బై ఐదు కిలోల బస్తా అంటే దాదాపు 1,777. ఆ వడ్డీ తేడా ఒక్కటే మూడు బస్తాల ధాన్యానికి దగ్గరగా ఉంది. ఒకే నేల, ఒకే వాన, ఒకే కష్టం. అయినా ఒకరి గాదెలో ఉండాల్సిన మూడు బస్తాలు రెండో మనిషికి కాగితం లేని కారణంగా వడ్డీకి పోతాయి.

అక్కడితో అయిపోలేదు. అప్పిచ్చేది చాలాసార్లు ఎరువుల వ్యాపారో, ధాన్యం కమీషన్ వ్యాపారో అయ్యుంటాడు. విత్తనం ఆయన దగ్గరే, మందు ఆయన దగ్గరే, చివరికి ధాన్యం కూడా ఆయనకే. మద్దతు ధర ఎంతని ప్రకటించినా అప్పున్న మనిషి బేరమాడలేడు. పైగా కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతానికి మించకూడదు. మిషను కోసిన పచ్చి ధాన్యం ఆరబెట్టాలంటే కళ్లం కావాలి, బరకాలు కావాలి, నాలుగు రోజుల ఎండ కావాలి. కళ్లం లేనివాడు రోడ్డు మీద పోస్తాడు. నవంబరులో మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ బరకాలు పట్టుకుని పరిగెత్తడం మన ఊళ్లలో చూడని వాళ్లుండరు. ఆ కంగారులో 'ఎంతకైతే అంతకి తీసుకుపొండి' అనేస్తారు.

ఇంట్లో ఆడవాళ్ల డ్వాక్రా అప్పు కూడా చివరికి దుక్కిలోకే వెళ్తుంది. మెడలో ఉన్న నాలుగు పూసలు తాకట్టులోకి వెళ్తాయి. అంటే చిన్న రైతుకి అసలైన సాయం ఇప్పటికీ ఎక్కువగా అతని ఇంట్లోంచే వస్తోంది.

2011లో ఏం జరిగింది?

ఈ బాధ దేశమంతా విన్నది ఒకసారి ఉంది. 2011 సార్వాలో కోనసీమ రైతులు నాట్లు వెయ్యమన్నారు. 'క్రాప్ హాలిడే' అన్న మాట అప్పుడే అందరి నోళ్లలోనూ పడింది. అమలాపురం చుట్టుపక్కల మండలాల్లో వేలాది ఎకరాలు బీడు పడ్డాయి. నీళ్లు లేక కాదు, వేస్తే నష్టమని తెలిసి. ఆ ఏడాది సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకి 1,080 రూపాయలు. బస్తాకి 810. పెట్టుబడి కూడా రాదని రైతుల లెక్క. మురుగు కాలువలు పూడిపోయి చేలల్లో నీరు దిగదు, కూలీలు దొరకరు, కోసిన ధాన్యం కొనే నాథుడు లేడు. ఇవీ అప్పటి ఫిర్యాదులు. ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ కమిటీ తిరిగింది, విన్నది, నివేదిక ఇచ్చింది.

2022లో కూడా కోనసీమలో క్రాప్ హాలిడే మాట మళ్లీ వినిపించింది. పదకొండేళ్ల తర్వాత కూడా మురుగు కాలువల దగ్గర్నుంచి అవే ఫిర్యాదులు.

ఆ రోజుల్లో నేను గమనించింది ఒకటుంది. పంట విరామం అన్నది పొలం ఉన్న రైతుకి నిరసన. ఆయన ఒక పంట కౌలు పోగొట్టుకుంటాడు, లేదా ఒక పంట ఆదాయం పోగొట్టుకుంటాడు. అదీ నష్టమే, కాదనను. కానీ కౌలు మీద బతికే మనిషికి విరామం అంటే పస్తు. కూలీకి వెళ్దామన్నా చేలు ఖాళీగా ఉంటే కూలెక్కడిది? ఆ ఏడాది మా బళ్లో కొందరు పిల్లలు పేర్లు తీయించుకుని అమ్మానాన్నలతో పాటు వలస వెళ్లారు. హాజరు పట్టీలో ఎర్రసిరాతో గీత గీసింది నేనే కాబట్టి నాకు గుర్తు.

కార్డు వచ్చింది... సంతకం రాలేదు

కౌలు రైతుని ఎవరూ పట్టించుకోలేదంటే అది అబద్ధమవుతుంది. అదే 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాగుదారులకు గుర్తింపునిచ్చే చట్టం తెచ్చింది. దాని కింద కౌలు రైతులకు రుణ అర్హత కార్డులిచ్చారు. దానికి భూమి యజమాని సంతకం అవసరం లేదు. రైతు అర్జీ పెట్టుకుంటే గ్రామంలో విచారించి రెవెన్యూ అధికారులు ఇచ్చేవారు. వినడానికి బాగుంది. బ్యాంకుకి వెళ్తే మాత్రం, 'ఈ సర్వే నంబరు మీద యజమాని అప్పుడే రుణం తీసుకున్నారు కదా, ఒకే పొలానికి రెండు అప్పులెలా ఇస్తాం?' అనేవారు. చాలామంది కార్డులు పెట్టెల్లోనే ఉండిపోయాయి.

2019లో దాని స్థానంలో ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. దీని ప్రకారం యజమానీ, సాగుదారూ పదకొండు నెలలకి ఒక ఒప్పందం రాసుకోవాలి. దాన్నిబట్టి సాగుదారుకి హక్కు పత్రం ఇస్తారు. సీసీఆర్‌సీ కార్డు అంటుంటారు కదా, అదే. దాంతో పంట రుణం, బీమా, నష్టపరిహారం వంటివాటికి అర్హత వస్తుంది. అవన్నీ పంటకి సంబంధించినవే. భూమి మీద మాత్రం కౌలుదారుకి ఏ హక్కూ రాదు. ఆ సంగతి చట్టంలోనే స్పష్టంగా ఉంది. యజమానికి భయం ఉండకూడదనే అలా రాశారు.

అయినా భయం పోలేదు. ఈ కార్డుకి యజమాని సంతకం కావాలి. ఆ సంతకమే రావట్లేదు.

మా ఇంటి సంగతే చెబుతాను. మా నాన్నగారిచ్చిన పొలం నాకూ మా తమ్ముడికీ చెరో ఎకరంపావు వచ్చింది. మధ్యలో ఒకే గట్టు. రెండు ముక్కలూ ఒకే మనిషి కౌలుకి చేస్తున్నాడు. మా నాన్నగారి కాలంలో అతని తండ్రి చేసేవాడు. కొత్త చట్టం వచ్చాక నేను మొదటి ఏడాదే ఒప్పందం మీద సంతకం పెట్టాను. హైదరాబాద్‌లో ఉంటున్న మా తమ్ముడికి ఫోన్ చేసి, నువ్వూ పెట్టమన్నాను.

'నీకేంటన్నయ్యా, ఊళ్లో ఉన్నావు. రేపు పొలం నాదేనని అతను కూర్చుంటే కోర్టుల చుట్టూ తిరిగేదెవరు?' అన్నాడు.

వాణ్ని తప్పు పట్టలేను. 1956 నాటి కౌలుదారీ చట్టం, 1973 నాటి భూసంస్కరణల చట్టం... ఆ రోజుల్లో పెద్దవాళ్లు రాత్రుళ్లు అరుగుల మీద కూర్చుని 'కౌలుదారు పేరు కాగితం మీద ఎక్కిందంటే భూమి పోయినట్టే' అని మాట్లాడుకోవడం మేమిద్దరం విన్నవాళ్లమే. ఆస్తి పంచుకున్నట్టే ఆ భయాన్నీ పంచుకున్నాం. చట్టంలో ఏముందో ఫోన్లో చదివి వినిపించాను. 'చూద్దాంలే' అన్నాడు. మన ఇళ్లల్లో 'చూద్దాంలే' అంటే ఏమిటో మీకు తెలుసు.

మా కౌలు రైతుని అడిగితే ఆయన ఇంకోలా అన్నాడు. 'తమ్ముడుగారిని బలవంతపెట్టకండి మాస్టారండీ. కాయితం కోసం పోతే ఉన్న పొలం కూడా తీసేసుకుంటారేమోనండీ.' అదీ రెండో భయం. యజమానికి భూమి పోతుందని భయం, కౌలుదారుకి కౌలు పోతుందని భయం. ఇద్దరి భయం మధ్యా దరఖాస్తు అలా ఖాళీగా ఉండిపోతోంది.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ గాలికీ వానకీ గింజ పోసుకుంటున్న వరి నేలకు ఒరిగింది. తెల్లారి గట్టు మీద నిలబడి చూస్తే నా చేనేదో, మా తమ్ముడి చేనేదో తెలియలేదు. రెండువైపులా ఒకేలా పడుకుని ఉంది. కానీ నష్టం రాసుకోవడానికి వచ్చినప్పుడు తేడా తెలిసింది. నా ముక్కలో నష్టం దున్నిన మనిషి పేరుతో నమోదైంది. గట్టుకి అవతల అతని చెమటే, అతని అప్పే. అయినా నష్టపోయిన రైతు గడిలో హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడి పేరు పడింది.

మా తమ్ముడు మంచివాడు. విషయం చెప్పగానే, 'ఆ డబ్బు నాకెందుకన్నయ్యా, వస్తే అతనికే పంపించేస్తాను' అన్నాడు. పంపిస్తాడు కూడా. అందరు తమ్ముళ్లూ అలా ఉండరు. ఉన్నా, ఇంకొకరి ఖాతాలో పడిన తన నష్టాన్ని చెయ్యి చాచి అడిగి తీసుకోవడం ఎలా ఉంటుందో అరవై ఏళ్ల మనిషి ముఖంలో చూస్తేగానీ తెలియదు. ఆ పని చెయ్యడానికి మా కౌలు రైతు వారం రోజులు తటపటాయించాడు. చివరికి నాతో చెప్పించాడు. పంట పోయినందుకు కన్నా దానికే ఎక్కువ చిన్నబోయాడనిపించింది.

ధాన్యం అమ్మకంలోనూ ఇదే తంతు. ఈ-పంటలో ఎవరి పేరుంటే కొనుగోలు డబ్బు వారి ఖాతాకే వెళ్తుంది. యజమాని పేరుంటే కౌలు రైతు తన ధాన్యం డబ్బు కోసం యజమాని ఫోన్ కోసం ఎదురుచూడాలి. నేరుగా ఇచ్చే సాయం మాటకొస్తే, కేంద్రం 2019లో మొదలుపెట్టిన పీఎం కిసాన్ ఏడాదికి 6 వేలు భూమి పేరున ఉన్న కుటుంబానికే. రాష్ట్రంలో 2019లో వచ్చిన రైతు భరోసాలో భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు చోటిచ్చారు. 2025 ఆగస్టులో మొదలైన అన్నదాత సుఖీభవ సాయం కౌలు రైతు అందుకోవాలన్నా ముందు కార్డు చేతిలో ఉండాలి. ప్రభుత్వాలు మారినా, పథకాల పేర్లు మారినా, కౌలు రైతు దగ్గరికొచ్చేసరికి అడిగేది అదే కాగితం.

నీరు అడగని ప్రశ్న

కోనసీమకి జరిగిన అతి పెద్ద సాయం ఏమిటని అడిగితే ఎవరైనా కాటన్ దొరగారి పేరే చెబుతారు. 1847లో మొదలై 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యింది. గన్నవరం అక్విడెక్టు వైనతేయ గోదావరి మీదుగా కాలువ నీటిని దాటించి రాజోలు వైపు లంక భూములకి తీసుకెళ్లింది. ఆ నీరు చేలోకి వచ్చేటప్పుడు ఇది ఎవరి పట్టా అని అడగలేదు. దున్నిన చేనల్లా తడిపింది. యజమానికీ కౌలుదారుకీ ఇద్దరికీ అన్నం పెట్టింది. సాయం నీటి రూపంలో వచ్చినంత కాలం దున్నేవాడికి చేరింది. డబ్బు రూపంలోకి, కాగితం రూపంలోకి మారాక దారి తప్పింది.

దారి మళ్లించుకున్నవాళ్లు లేకపోలేదు. పశ్చిమ బెంగాల్‌లో 1978లో ఆపరేషన్ బర్గా పేరుతో అధికారులే ఊళ్లలోకి వెళ్లి, చేలగట్ల మీద అందరి ముందూ పంచుకోలు రైతుల పేర్లు రాసుకున్నారు. పద్నాలుగు లక్షల మందికి పైగా పేర్లు రికార్డుల్లోకెక్కాయి. కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీ మహిళలు నలుగురైదుగురు జట్టు కట్టి, భూమి కౌలుకి తీసుకుని, బ్యాంకు అప్పుతో కూరగాయలూ వరీ పండిస్తున్నారు. ఒడిశాలో ఎన్నికల ముందు తెచ్చినదే అయినా, కాలియా పథకంలో కౌలుదారులకూ భూమి లేనివారికీ చోటిచ్చారు. బెంగాల్ పద్ధతి మనకి కుదరకపోవచ్చు. మన యజమానులు జమీందార్లు కారు, వాళ్లూ ఎకరం రెండెకరాల మనుషులే. వాళ్ల భూమి వాళ్లకుండాలి. పంట మాత్రం పండించినవాడి పేరుతో ఉండాలి. ఈ రెండూ ఒకేసారి కుదిరే పనే. అందుకు తలుపు చట్టంలో ఇప్పటికే ఉంది.

ఎక్కడ తలుపు తట్టాలి?

మా అరుగు మీద కూర్చుని నేర్చుకున్న నాలుగు సంగతులు ఇక్కడ చెప్పడం ఎవరికైనా ఉపయోగపడుతుందనుకుంటాను.

మొదటిది, ఊళ్లోని రైతు సేవా కేంద్రం. 2020 మే నెలలో రైతు భరోసా కేంద్రాలుగా మొదలైనవే ఇవి. అక్కడ వ్యవసాయ సహాయకులుంటారు. పంట వేయగానే ఈ-పంటలో ఎవరి పేరు ఎక్కిందో కళ్లతో చూసుకోవాలి. తప్పుంటే అప్పుడే సరిచేయించుకోవాలి. తుపాను వచ్చాక వెళ్తే లాభం లేదు.

రెండోది, జట్టు. ఒక్క కౌలు రైతు బ్యాంకుకి వెళ్తే మేనేజరు తల ఎత్తకపోవచ్చు. నలుగురి నుంచి పదిమంది దాకా కలిసి ఒకరికొకరు పూచీ పడుతూ ఏర్పడే ఉమ్మడి బాధ్యత సంఘాలకు అప్పివ్వమని నాబార్డు ఎప్పటినుంచో చెబుతోంది. భూమి తనఖా అక్కర్లేదు. పైగా 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకూ వ్యవసాయ రుణాలకు హామీ అడగొద్దని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఈ మాట బ్యాంకులో మర్యాదగా గుర్తుచేయడం తప్పు కాదు. ఒకరు కాదన్నా, రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకుని రండి. నోటిమాటకి వచ్చే జవాబు వేరు, కాగితానికి వచ్చే జవాబు వేరు.

మూడోది, బీమా. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో ఆహార పంటలకి రైతు కట్టాల్సింది సార్వాకి బీమా మొత్తంలో 2 శాతం, దాళ్వాకి ఒకటిన్నర శాతం. గడువు తేదీ దాటితే ఎంత మొత్తుకున్నా ఉండదు. తేదీ ముందే కనుక్కోవాలి.

నాలుగోది, సలహా. తెలివైన సలహా కూడా పెట్టుబడే. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. కొబ్బరికి తెల్లదోమ పట్టినా, నల్లి పట్టినా అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మనకి చేరువలోనే ఉంది. పురుగుని పురుగుతోనే అదుపుచేసే పద్ధతుల మీద అక్కడ పని జరుగుతోంది. వరికి వసిష్ఠ అవతల మార్టేరు ఉంది. 1925లో మొదలైన పరిశోధన స్థానం. 1982లో అక్కడి నుంచి వచ్చిన స్వర్ణ రకం దేశమంతా తిరిగింది. అంత పేరున్న చోట్లకి చిన్న రైతు వెళ్లడానికి మొహమాటపడతాడు. వెళ్తే చెబుతారు. అక్కడ పాస్‌బుక్కు ఎవరూ అడగరు.

ఇవన్నీ చెప్పాక కూడా మళ్లీ అదే మాటకి రావాలి. ఈ నాలుగింటిలో మొదటి మూడూ కార్డు ఉంటే సులువు, లేకపోతే ఎక్కే కొండ దిగే కొండ.

ఊళ్లో పొలం ఉన్న మీకు

ఈ పేజీ చదువుతున్న ఇళ్లల్లో చాలామందికి ఎక్కడో ఒక ఊళ్లో ఎకరమో అరెకరమో ఉండే ఉంటుంది. కోనసీమలోనే అక్కర్లేదు. కృష్ణా పక్కనైనా, గుంటూరు పక్కనైనా, శ్రీకాకుళంలోనైనా ఉండొచ్చు. ఏడాదికోసారి కౌలు బస్తాల డబ్బు ఖాతాలో పడుతూ ఉంటుంది. ఆ పొలం ఈ ఏడు ఎవరు చేస్తున్నారో, వాళ్లకి కార్డు ఉందో లేదో కనుక్కోండి. ప్రభుత్వం ఇవ్వగలిగిన సాయానికీ, దాన్ని అందుకోవాల్సిన మనిషికీ మధ్య చాలాచోట్ల మిగిలింది మీ సంతకమే.

నేను ఏడాదికోసారి చొప్పున ఇన్నేళ్లుగా సంతకం పెడుతూనే ఉన్నాను. పొలం నా పేరుమీదే ఉంది. పాస్‌బుక్కు బీరువాలోనే ఉంది. ఒప్పందం గడువు పదకొండు నెలలకి దానంతటదే తీరిపోతుంది. మళ్లీ ఇవ్వాలో మానాలో నా ఇష్టమే. పోయిందేమైనా ఉందా అని వెతికితే నాకేమీ కనబడలేదు. వచ్చింది మాత్రం ఉంది. కౌలు సకాలంలో వస్తోంది. అప్పు భారం తగ్గిన మనిషి కౌలు ఎగ్గొట్టడానికి కారణమేముంటుంది?

ఇంకో చిన్న పని కూడా ఉంది. తాతగారి పేరు మీదే ఉండిపోయిన పొలాలు మన ఊళ్లలో ఎన్నో. ముగ్గురు పిల్లలు మూడు దేశాల్లో ఉంటే సంతకం ఎవరు పెట్టాలి? మీ పేర్లకి మార్పించుకోండి. అది కౌలుదారు కోసమే కాదు, మీ పిల్లల కోసం కూడా.

సంక్రాంతికి కోనసీమ రోడ్ల నిండా హైదరాబాద్ కార్లే ఉంటాయి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్తారు, పిల్లలకి చేలల్లో ప్రభలు మోసుకొచ్చే సంబరం చూపిస్తారు. చాలా మంచిది. ఆ నాలుగు రోజుల్లో ఒక్క పూట మీ చేను చేస్తున్న మనిషి ఇంటికి వెళ్లి రండి. కాఫీ ఇస్తారు, తాగండి. దాళ్వా ఎలా ఉందని అడగండి. రాబోయే సార్వాకి కాగితం రాసుకుందామని మీరే అనండి. ఆ మాట అతను అడగలేడు.

మొన్న మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడు అడక్కముందే నేను ఆ ప్రస్తావన తేకూడదనుకున్నాను. ఇంటి సంగతులన్నీ అయ్యాక వాడే, 'ఆ ఒప్పందం కాగితం నమూనా ఏదో పంపించన్నయ్యా, చదువుతాను' అన్నాడు. పంపించాను. వచ్చే సార్వా నాటికి గట్టుకి రెండువైపులా ఒకే పేరు ఉంటుందని నా ఆశ.